ఇంటి గింజ

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని తెలుగువారి సామెత. చేతికి అందే దూరంలో ఉన్నదానికి విలువ ఉండదన్న లోకరీతిని అది చెబుతుంది. తిండి విషయంలో ఈ మాట అక్షరాలా నిజమైంది. చిన్న రైతు తన చెలకలో పండించి, తన ఇంట్లో దంచుకొని తిన్న జొన్న, కొర్ర, సజ్జ ఒక దశలో 'లేనివాళ్ల తిండి'గా చిన్నచూపుకు గురయ్యాయి. అవే గింజలు ఇప్పుడు నగరాల్లోని పెద్ద దుకాణాల్లో రంగురంగుల సంచుల్లో, బియ్యం కంటె ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి. గింజ మారలేదు, దానిని చూసే చూపు మారింది. అయితే ఆ గింజ తనను పండించిన కుటుంబానికి ఏమిచ్చింది, అది పోయినప్పుడు ఆ ఇంటి నుంచి ఏమి పోయింది అన్న సంగతి ధరల పట్టికలో కనబడదు. అది తెలియాలంటే మెట్టసేద్యం చేసే చిన్న కుటుంబం ఏడాది పొడుగునా ఎలా బతుకుతుందో చూడాలి.

తెలంగాణలో సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, కర్ణాటకను ఆనుకొని జహీరాబాద్ ప్రాంతం ఉంది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు అది మెదక్ జిల్లాలో భాగం. అక్కడ ఎర్రచెలకలు ఎక్కువ. అక్కడక్కడ నల్లరేగడి కనిపిస్తుంది. ఆ చెలకలకు వానే దిక్కు. రెండు మూడెకరాల భూమిలో ఒక కుటుంబమంతా బతకాలి. ఇది ఆ ఒక్క ప్రాంతపు కథ కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం భారతదేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం రెండు హెక్టార్లకు లోపువే. చిన్న కమతం బాగోగులే దేశ వ్యవసాయపు బాగోగులు.

మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి పడి, నేల పదునెక్కగానే గొర్రు కట్టి విత్తడం మొదలవుతుంది. ఎడ్లను తోలేది పురుషుడు. వెనుక నడుస్తూ జడ్డిగంలో గింజలు పోసేది చాలావరకు స్త్రీ. పిడికిలి వదులు చేస్తే మొలక ఒత్తవుతుంది, బిగిస్తే పలచనవుతుంది. ఏ సాలులో ఏ గింజ పడాలో ఆమెకు ముందే తెలుసు. జొన్న సాళ్ల నడుమ కంది సాలు వస్తుంది. జొన్నతోపాటు పెసర, అలసంద, అనుము కలుస్తాయి. ఒక పక్క కొర్ర, మరొక పక్క సజ్జ, కొంతమేర నువ్వులు. గట్టు వెంట ఆముదం, గోగు. పట్నం నుంచి వచ్చినవారికి ఆ చేను చిందరవందరగా కనిపించవచ్చు. నిజానికి అది జాగ్రత్తగా రాసుకొన్న పద్దు వంటిది. ఏ నెలలో ఇంట్లో ఏది నిండుకొంటుందో, ఏ నెలలో ఏది చేతికి రావాలో లెక్క చూసి వేసిన పంట అది.

ఆ లెక్క పంట వరుసలో తెలుస్తుంది. ఆషాఢం, శ్రావణం పల్లెలో కష్టకాలం. నిరుటి గింజలు అడుగంటుతాయి. కొత్త పంట ఇంకా రాదు. అప్పుడు ముందుగా ఆదుకొనేది పెసర. విత్తిన అరవై డెబ్బై రోజులకే కాయ ఎండుతుంది. మూడు నెలల లోపే కొర్ర తల వంచుతుంది. సజ్జ కంకి గట్టిపడుతుంది. జొన్న కంకి పాలుపోసుకొని లేతగా ఉన్నప్పుడే కొన్నిటిని కోసి, మంటలో కాల్చి, నలిచి తింటారు. ఊచబియ్యం అనే ఆ లేత గింజల రుచి కోసం పిల్లలు ఏడాదంతా ఎదురుచూస్తారు. తరువాత జొన్న కోతకు వస్తుంది. చలికాలం ముదిరేనాటికి అనుములు, సంక్రాంతి చుట్టుపక్కల కందులు ఇంటికి చేరతాయి. ఒకేసారి విత్తిన చేను ఒకేసారి కోతకు రాకుండా, ఆరు నెలలపాటు విడతలు విడతలుగా ఇంటిని పోషిస్తుంది. వాన ముందు ఆగిపోతే ఒక పంట దెబ్బతింటుంది. వెనుక ఆగిపోతే మరొకటి దెబ్బతింటుంది. అన్నీ కలిసి పోవడం అరుదు. నిల్వ సొమ్ము లేని కుటుంబానికి ఆ చేనే బీమా.

ఈ సహవాసంలో శాస్త్రం కూడా ఉంది. పెసర, అలసంద, కంది వంటి కాయధాన్యాల వేళ్ల బుడిపెల్లో రైజోబియం అనే సూక్ష్మజీవులు నివసిస్తాయి. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. అందులో కొంత నేలలో మిగిలి తరువాతి పంటకు అందుతుంది. కందివేరు లోతుకు దిగి అడుగు పదునును అందుకొంటుంది. జొన్నవేరు చాలావరకు పైపొరల్లోనే అల్లుకొంటుంది. రెండూ ఒకే చోట నిలబడినా ఒకదాని నోటి నీటిని మరొకటి లాక్కోవు. నేలను కప్పి పాకే అలసంద ఎండకు పదును ఆరిపోకుండా కాపాడుతుంది. రైతులు ఈ మాటలను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. తరతరాలుగా చూసి, సరిచూసి తెలుసుకొన్నారు.

చేనులో విత్తనిది కూడా తిండి అవుతుంది. సాళ్ల మధ్య వాటంతట అవే మొలిచే గంగవాయిలి, గలిజేరు, తుమ్మి, పొన్నగంటి, లేత గునుగు మొదలైన ఆకులను కలుపు తీసే స్త్రీలు ఒడిలో వేసుకొని ఇంటికి తెస్తారు. ఏది లేతప్పుడు తినాలో, దేనిని పప్పులో వేయాలో, ఏది బాలింతకు పెట్టకూడదో వారికి తెలుసు. తెలంగాణలో వినాయక చవితినాడు తుమ్మికూర వండుకోవడం ఆచారం. ఎకరమైనా లేని కూలి కుటుంబానికి వానాకాలంలో ఈ ఆకులే కూర. కలుపుమందు చల్లిన చేనులో కలుపుతోపాటు ఈ కూర కూడా మాడిపోతుంది. ఆ నష్టాన్ని ఏ పద్దులోనూ ఎవరూ రాయరు.

చేను తరువాత చెప్పవలసింది పెరడు. స్నానాల నీరు పారే చోట అరటి, పక్కన కరివేప, కంచె మీద బీర, సొర, ఇంటి కప్పు మీదికి గుమ్మడి, మూలన మునగ - ఇంతే దాని విస్తీర్ణం. వీటికి ప్రత్యేకంగా ఎరువు కొనరు. ప్రత్యేకంగా నీరు తోడరు. వంటింటి వ్యర్థం, పశువుల పాకలోని పేడ అక్కడికే చేరతాయి. చుట్టం వచ్చినప్పుడు సంతకు పరుగెత్తనవసరం లేకుండా, పొయ్యి మీద ఎసరు పెట్టి కాయ కోసుకొని రాగల భరోసా ఆ పెరడు ఇస్తుంది.

ఇంటి పంటకు ప్రాణం విత్తనం. కోతకు ముందే ఇంటి పెద్ద స్త్రీ చేనంతా తిరిగి, బలమైన మొక్కలకు కాసిన నిండైన కంకులను ఎంచి వేరుగా కోస్తుంది. ఆ కంకులు తిండికి కావు. వాటిని ఎండబెట్టి, గింజ రాల్చి, వేపాకు, బూడిద కలిపి, పేడ అలికిన బుట్టలో పోసి మూతికి మట్టి మెత్తుతారు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెడతారు. అప్పుడు పురుగు చేరదు. బీర, సొర గింజలు ఎండిన సొరబుర్రలో భద్రంగా ఉంటాయి. ఎంత కరవు వచ్చినా ఆ బుట్ట మీద చేయి వేయరు. పూట గడవని రోజున ఇంట్లో గింజలు ఉండి కూడా పస్తుండడం తేలికైన నిగ్రహం కాదు. ఈనాటి ఆకలికి రేపటి పంటను బలిపెట్టకూడదన్న ఆ కట్టుబాటు మీదనే మెట్టసేద్యం ఇన్ని తరాలు నిలిచింది.

విత్తనం ఇంట్లో ఉన్నప్పుడు దానితోపాటు ఒక అధికారం కూడా ఇంట్లో ఉంటుంది. ఏది విత్తాలి, ఎంత విత్తాలి, ఎంత దాచాలి, ఎవరికి ఇవ్వాలి అన్న నిర్ణయాలు ఆ ఇంటివే; అందులోనూ ఎక్కువగా స్త్రీవి. పొరుగింటిలో కొర్ర విత్తనం లేకపోతే మానికెడు ఇస్తారు. పంట వచ్చాక దానికి సగమో అంతో కలిపి తిరిగి తీసుకొంటారు. డబ్బు మాట రాదు. పుట్టింటి నుంచి వస్తూ కొత్తరకం అనుముల గింజలు కొంగున కట్టుకొని వచ్చే కోడలు ఆ ఊరికి ఒక పంటను తెచ్చినట్లే. పేదరాలైనా విత్తనం అడిగించుకొనే ఇల్లు ఊళ్లో మర్యాద కలిగిన ఇల్లు.

ఇక వంటిల్లు. జొన్నలను విసిరి, వేడినీటితో పిండి కలిపి, అరచేతులతో తట్టి పెనం మీద కాల్చిన రొట్టెకు పుంటికూర తొక్కు గాని, ఉల్లిగడ్డ కారం గాని తోడైతే చాలు. జొన్న రవ్వతో గటక, పిండితో అంబలి, కొర్రబియ్యంతో అన్నం, చలికాలంలో సజ్జరొట్టె - ఋతువును బట్టి తిండి మారుతుంది. ఇందులో పోషణ తక్కువేమీ కాదు. రాగుల సంగతే చూస్తే, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది; తెల్లగా మరపట్టిన బియ్యంలో అది అందులో పదోవంతు కూడా ఉండదు. వంటింట్లో మిగిలింది వృథా కాదు. నూక కోళ్లకు, తవుడు గేదెకు, చొప్ప ఎడ్లకు, కందికట్టె పొయ్యిలోకి పోతాయి. పేడ తిరిగి చేనుకు చేరుతుంది.

పండుగలూ ఈ పంటల వెంటే నడుస్తాయి. జొన్నచేలలో కలుపుగా మొలిచిన గునుగు, బీళ్లలో పూచిన తంగేడు బతుకమ్మలో ఒదుగుతాయి; రొట్టెను బెల్లంతో కలిపి ముద్దచేసిన మలీద ప్రసాదమవుతుంది. జహీరాబాద్ వంటి సరిహద్దు ప్రాంతాల్లో మార్గశిర అమావాస్యనాడు కుటుంబమంతా వంటకాలు నెత్తిన పెట్టుకొని చేనుకు వెళుతుంది. కొత్త కాయగింజలను, ఆకుకూరలను కలిపి వండిన భజ్జిని ముందుగా భూమికి సమర్పించి, తరువాతనే తాము తింటారు. తమకు పెట్టిన చేతికి తిరిగి పెట్టడమే ఆ పండుగలోని భావం.

అయితే ఇదంతా సుఖమయమైన జీవితమని అనుకోవడం సత్యదూరం. తెల్లవారుజామున లేచి తిరగలి విసరడం, కొర్రలను మళ్లీ మళ్లీ దంచి పొట్టు చెరగడం, కట్టెలు, నీళ్లు మోయడం - ఈ చాకిరీ అంతా స్త్రీల రెక్కల మీద పడింది. సోలెడు కొర్రబియ్యం వెనుక ఎంత సేపటి రోకటిపోటు ఉందో తిన్నవారు అడగలేదు. ఊరికి పిండిమర వచ్చినప్పుడు స్త్రీలు సంతోషించారు. కడిగి ఎసట్లో పోస్తే ఉడికే తెల్లబియ్యం వచ్చినప్పుడు మరింత సంతోషించారు. ఆ సంతోషం న్యాయమైనదే. పాత తిండి గొప్పతనం చెప్పేవారు ఆ తిండి వెనుక ఉన్న శ్రమను దాచిపెట్టడం తగదు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. అది ఎందరో పేదల కడుపు నింపింది. కాని మెట్టప్రాంతాల్లో దానికి మరొక ఫలితం కూడా కలిగింది. బియ్యం అంత చవకగా వస్తున్నప్పుడు కష్టపడి జొన్న ఎందుకు పండించాలన్న ప్రశ్న తలెత్తింది. చెలకలు కొన్ని బీడు పడ్డాయి. కొన్ని అమ్మకపు పంటల కిందికి పోయాయి. 2002లో బీటీ పత్తి సాగుకు దేశంలో అనుమతి లభించింది. ఆ సంకర విత్తనాన్ని దాచుకొని మరుసటి ఏడు వేస్తే అదే దిగుబడి రాదు. కనుక ఏటా కొనాలి. విత్తనం దుకాణానిది, ఎరువు దుకాణానిది, ధర బజారుది. పంట రైతుదే అయినా, నిర్ణయాల్లో అతనికి మిగిలింది చాలా తక్కువ. పత్తి కొందరికి నాలుగు డబ్బులు కళ్లజూపింది. వాన తప్పిన ఏడు, ధర పడిన ఏడు మాత్రం అప్పు మిగిలింది, ఇంట్లో గింజ మిగలలేదు.

అటువంటి ఇంట్లో తల్లీ కొడుకుల నడుమ జరిగే మాటను ఊహించుకోవచ్చు. "అమ్మా, ఈసారి మూడెకరాలల్ల పత్తే పెడ్దం. పోయినేటి అప్పు తీరుతది" అంటాడు కొడుకు. "పెట్టు కొడుకా, నేను వద్దన. నాకు ఒక్క ఎకరం ఇడిచిపెట్టు. ధర పడ్డనాడు పత్తిని వండుకొని తినం గద" అంటుంది తల్లి. కొడుకు మాటలో తప్పు లేదు. బడి ఫీజుకు, వైద్యానికి, పెళ్లికి డబ్బు కావాలి. జొన్నలు కొలిచి ఇస్తే ఆ పనులు జరగవు. తల్లి మాటలోనూ చాదస్తం లేదు. ఆమె అడిగినది లాభం కాదు. ఏమి జరిగినా పొయ్యి ఆరకూడదన్న ధైర్యం. చిన్న కమతపు సమస్య అంతా ఆ రెండు మాటల మధ్య ఉంది.

జహీరాబాద్ ప్రాంతపు పల్లెల్లో ఆ తల్లి మాటకు బలం చేకూర్చిన ప్రయత్నం ఒకటి జరిగింది. 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో పేద స్త్రీలు, వారిలో అత్యధికులు దళితులు, ఊరూరా సంఘాలుగా ఏర్పడ్డారు. 1990ల మధ్యకాలంలో వారు బీళ్లను తిరిగి సాగులోకి తెచ్చే ప్రత్యామ్నాయ చౌకధాన్య పథకాన్ని నడిపారు. చెలక దున్నుకోవడానికి చిన్న రైతుకు అప్పు ఇస్తారు. ఆ రైతు అప్పును డబ్బుతో కాక జొన్నలతో తీరుస్తాడు. అలా చేరిన ధాన్యాన్ని ఊళ్లోనే నిల్వచేసి, కష్టకాలంలో ఊరి పేదలకు తక్కువ ధరకు ఇస్తారు. ఎవరు ఎక్కువ పేదలో సంఘం స్త్రీలే కూర్చొని నిర్ణయిస్తారు. ఎక్కడినుంచో లారీలో రావలసిన తిండి ఆ ఊరి నేలలోనే పుట్టింది.

ఆ సంఘాల స్త్రీలు విత్తనాలను కూడా ఊరి సొత్తుగా నిలుపుకొన్నారు. ఏటా సంక్రాంతి సమయంలో పాత పంటల జాతర పేరుతో, అలంకరించిన ఎడ్లబండ్ల మీద రకరకాల విత్తనాల బుట్టలు పెట్టుకొని ఊరూరా తిరుగుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతిని ప్రకటించింది. బడి ముఖం చూడని స్త్రీలు ఎందరో విత్తనాల విషయంలో ఇతరులకు పాఠాలు చెప్పే స్థితికి ఎదిగారు.

దేశం కూడా ఈ పంటలవైపు తిరిగి చూసింది. 2018లో భారత ప్రభుత్వం జొన్న, సజ్జ, రాగి, కొర్ర మొదలైనవాటిని పోషక ధాన్యాలుగా ప్రకటించింది. భారతదేశం ప్రతిపాదన మేరకు ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఇది శుభపరిణామమే. కాని ఇందులో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. ధర బాగుందని చిన్న రైతు కొర్రలన్నీ అమ్మివేసి, తన పిల్లలకు మాత్రం తెల్లబియ్యమే వండిపెడితే, గింజ గౌరవం పొందింది గాని ఇల్లు పొందలేదు. అమ్మడానికి ముందు ఇంటికి కొంత తీసిపెట్టడం, తినడానికి ముందు విత్తనానికి కొంత తీసిపెట్టడం పాతకాలపు పద్ధతి. ఆ వరుస తలకిందులైతే చిరుధాన్యం కూడా మరొక పత్తి అవుతుంది.

విత్తనం మీద రైతుకు ఉన్న హక్కును చట్టం కూడా గుర్తించింది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షిత రకాలను వ్యాపార ముద్ర వేసి మాత్రం అమ్మరాదు. వేపాకు కలిపి బుట్టలో పోసిన గింజకు ఇలా చట్టపు అండ లభించింది. అయితే వాడుకోని హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. ఇంట్లో విత్తనమే లేనప్పుడు దాచుకొనే హక్కు దేనికి?

ఏ చిన్న కమతమూ ఇంటికి కావలసినదంతా పండించలేదు. ఉప్పు కొనాలి, బట్ట కొనాలి, పుస్తకం కొనాలి. ఇంటి పంట అంటే బజారుకు తలుపు మూయడం కాదు. బజారుకు వెళ్లినప్పుడు ఆకలితో కాక, నిండు కడుపుతో వెళ్లగలగడం. ఇంట్లో ఆరు నెలల గింజ ఉన్న రైతు తన పత్తిని ధర వచ్చేదాకా నాలుగు రోజులు ఆపుకోగలడు. పూట గడవని రైతు ఆనాటి ధరకే తెగనమ్ముకొంటాడు. ఎకరం జొన్న తక్కిన రెండెకరాల పత్తికి కూడా విలువ తెస్తుంది. ఈ సంగతి ఆ తల్లికి లెక్కలు రాకపోయినా తెలుసు.

పంట పోతే దానితోపాటు మాట కూడా పోతుంది. వరిది వెన్ను, జొన్నది కంకి; వరిది గడ్డి, జొన్నది చొప్ప, కందిది కట్టె. పొట్టు వేరు, తవుడు వేరు, నూక వేరు. ఎడ్లను వరుసగా కట్టి కంకుల మీద తిప్పి గింజ రాల్చడాన్ని బంతి కట్టడం అంటారు. ఈ మాటలు నిఘంటువులో పుట్టలేదు. చేనులో, కళ్లంలో, వంటింట్లో పుట్టాయి. వాడేవారు ఉన్నంతవరకే అవి బతుకుతాయి. నేటి విద్యార్థుల తాతమ్మలలో, నాయనమ్మలలో ఈ మాటలు ఎరిగినవారు ఇంకా ఉన్నారు. మీ చిన్నప్పుడు ఏమి తినేవారని, విత్తనం ఎలా దాచేవారని అడిగితే వారు సంతోషంగా చెబుతారు. ఆ జవాబులో చరిత్ర, వృక్షశాస్త్రం, అర్థశాస్త్రం కలిసి ఉంటాయి.

అందరూ రైతులు కానక్కరలేదు. కాని తినే ప్రతివారూ ఆ గింజ ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకోవలసినవారే. కొర్రలు కొనే పట్టణవాసి వాటిని పండించిన ఇంట్లో కూడా కొర్రలు ఉడుకుతున్నాయా అని ఒక్కసారి ఆలోచిస్తే చాలు. ఏమి తినాలో తానే నిర్ణయించుకోగల ఇల్లు, ఎంత చిన్నదైనా, పేద ఇల్లు కాదు. ఆ నిర్ణయం నిలవాలంటే తొలకరినాటికి ఆ ఇంట్లో ఒక బుట్టెడు విత్తనం ఉండాలి.